కెంపి కూర్చున్న గొంగడి

నా చిన్నప్పుడు ఒక కుక్కకు రిబ్బను కట్టాను. ముద్దుకొద్దీ కట్టింది కాదు, దాని తెగిన చెవులు ఎవరికీ కనబడకూడదని కట్టాను. ఇన్నేళ్లయినా ఆ పని తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అప్పుడు మేం పోతనాళ అనే ఊరి దగ్గర ఒక క్యాంపులో ఉండేవాళ్లం. కాలువ వచ్చిన కొత్తలో కృష్ణా వైపు నుంచి మా నాన్నలాంటి వాళ్లు వచ్చి, తుమ్మచెట్లు కొట్టించి, నల్లరేగడిని వరిమళ్లు చేసుకున్నారు. అలా వెలిసిన ఊళ్లన్నిటినీ క్యాంపులనే అనేవారు. కోతలయ్యాక ఏటా ఒక గొర్రెలవ్వ, కొడుకులతో మందను తోలుకొచ్చి మా పొలంలో దిగేది. గొర్రెలు కొన్నాళ్లు పొలంలో పడుకుంటే ఆ ఎరువుకు మరుసటి పంట బాగా వచ్చేది. అవ్వ వెంట కెంపి అనే ఎర్ర కుక్క ఉండేది. పొట్టి కాళ్లు, మొదలంటా కోసేసిన చెవులు, మోకాలెత్తు కూడా ఉండదు. అంత చిన్నది అంత మందనూ చుట్టి, ఒక్క గొర్రెనైనా పక్క మడిలో మూతి పెట్టనిచ్చేది కాదు. దానికొక అలవాటుండేది. అవ్వ గొంగడి నేల మీద పరిచి కూర్చోమంటే, ఆవిడ మళ్లీ వచ్చి పిలిచేదాకా దాని మీంచి లేచేది కాదు. తెలియని మనిషిని ఆ గొంగడి అంచు కూడా తాకనిచ్చేది కాదు.

ఆ ఏడు ఒక పిచ్చికుక్క పక్క ఊళ్లో ఇద్దరిని కరిచింది. సోమవారం నుంచి మెడలో ఇత్తడి బిళ్ళ లేని కుక్కనల్లా కాల్చేస్తారని దండోరా వేశారు. ఆ ముందు రోజే బడి మైదానంలో పశువుల ప్రదర్శన ఉంది. ఈసారి అందులో కుక్కల పోటీ కూడా పెట్టారు. పోటీ రిజిస్టర్లో పేరెక్కిన కుక్కకు అక్కడికక్కడే బిళ్ళ కడతారన్నారు. ఆ కబురు వినగానే నాకు కెంపి తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. పరిగెత్తి వెళ్లి అవ్వకు చెప్పాను.

కాలువ ఇంజనీరు గారింట్లో విదేశాల నుంచి తెప్పించిన ఒక సీమకుక్క ఉండేది. అదీ గొర్రెలు కాసే జాతే, అదీ పొట్టిదే. కానీ మెడ చుట్టూ జూలులాంటి బొచ్చు, బొచ్చులోంచి తొంగిచూసే చక్కటి చెవులు. కెంపిని కూడా కాస్త దాని వాలకంలోకి తెస్తే రాసుకుంటారని నా తెలివి. పొద్దున్నే కాలువ గట్టున మా ఇంటి సబ్బు అరగదీసి దాన్ని తోమాను. నా జడకున్న ఎర్ర రిబ్బను విప్పి, చెవుల మొదళ్లు కనబడకుండా తల చుట్టూ బిగించి కట్టాను. పాపం, నోరు లేనిది, నేను చేసినవన్నీ చేయించుకుంది.

దాన్ని మైదానానికి తీసుకెళ్లేసరికి అక్కడ వెదురు బొంగులు పాతి, చుట్టూ తాడు కట్టారు. అవ్వ వచ్చి కెంపిని చూసింది. తిట్టినా బాగుండేది. వంగి ముడి విప్పి, రిబ్బను నా చేతిలో పెట్టింది. "చెవులెందుకు దాస్తవ్ బిడ్డా? తోడేలు నోటికి దొరకొద్దని నేనే కోసిన గదా" అంది. నాకు ఏడుపొచ్చింది. దాచవలసినవి ఆ చెవులు కావని అప్పటికప్పుడే తెలిసింది.

గుమస్తా రిజిస్టరు తెరిచి జాతి ఏమిటన్నాడు. గొర్రెల కుక్క అంది అవ్వ. అలాంటి జాతి లేదన్నాడు. కాయితాలున్నాయా అన్నాడు, లేవంది. చెవులు కోసిన కుక్క పోటీకి పనికిరాదన్నాడు. ఊరకుక్కలన్నిటికీ బిళ్ళలు కట్టుకుంటూ పోతే ఇక కాల్చడానికేం మిగులుతుందని కూడా అన్నాడు, నవ్వుతూనే. ఆ నవ్వు ముఖం ఇప్పుడు కనబడినా గుర్తుపడతాను.

పోటీలో తీర్పు చెప్పేది ఆ కాలువ ఇంజనీరు గారే. మనిషి చెడ్డవాడు కాదు. తన కుక్క గురించి అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ ఒక చిన్న పుస్తకం తీసి చదివి చెప్పేవాడు. దాని తాత ఎక్కడ పతకం కొట్టిందో, ముత్తాత ఎవరో అన్నీ అందులో ఉన్నాయి. ఒకప్పుడు ఈ జాతి కూడా చలిదేశంలో కొండల మీద గొర్రెలు కాసుకునేదట. మొదటిసారి పోటీ బరిలోకి తెస్తే, పెద్ద కుక్కల ఆసాములు ఇది పల్లెటూరి సంకర కుక్కని వెక్కిరించి వెళ్లగొట్టారట. దాన్ని పెంచినవాళ్లు ఏళ్ల తరబడి పోట్లాడితే గానీ పుస్తకంలోకి ఎక్కలేదట. ఆయన ఎంతో గర్వంగా చదివాడు.

అవ్వ తాడు పట్టుకుని అంతా విన్నది. "అయితే ఇది గూడ మా అసొంటోళ్ల కుక్కనే గదా సాబ్. గా మొదటి కుక్క బరిల నిలబడ్డ దినం, దానికి కాయితం ఎవరిచ్చిండ్రు?" అని అడిగింది.

ఆయన పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. గుమస్తా మాత్రం కుక్కల పోటీ అయిపోయింది, ఇక పొమ్మన్నాడు.

అవ్వ పోలేదు. తాడు కింది నుంచి దూరి, సరిగ్గా బరి నడుమ గొంగడి పరిచింది. కెంపిని కూర్చోమంది. బయటికొచ్చి, చెంగు విప్పి జొన్నరొట్టె తినడం మొదలుపెట్టింది.

గుమస్తా కర్ర తెచ్చాడు. కెంపి మొరగలేదు, పళ్లు మాత్రం చూపించింది. గుమస్తా వెనక్కి తగ్గాడు. రొట్టె ముక్క విసిరారు, ముక్కు కూడా తిప్పలేదు. అవతల ఎద్దుల పోటీకి జతలన్నీ ఎండలో నిలబడి ఉన్నాయి. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, ఆసాములకు చెమటలు. ఆ బరిలోనే వాటినీ నడిపించాలి. కర్రతో కాదు, తుపాకీతో లేపుతామని ఎవరో అరిచారు. మా నాన్న నా రెక్క పట్టుకుని "ఆవిడ గొడవ మనకెందుకమ్మాయ్, ఇంటికి పద" అన్నాడు. నాన్న మాటకు ఎదురు చెప్పడం అప్పటిదాకా ఎరగను. చెయ్యి విదిలించుకుని తాడు దాటి వెళ్లి కెంపి పక్కన, గొంగడి మీద కూర్చున్నాను. అది నన్ను వాసన చూసి కాస్త జరిగి చోటిచ్చింది. భయంగానే ఉంది, అయినా లేవలేదు.

ఎద్దుల ఆసాములకే ముందు ఓపిక పోయింది. ఆ ముసలామె చెప్పింది రాసి పారేయండి, మా ఎద్దులు మాడిపోతున్నాయని గుమస్తా మీద పడ్డారు. ఆఖరికి ఇంజనీరు గారే రిజిస్టరు తీసుకుని అవ్వ దగ్గరికి వచ్చాడు. దీని పుట్టుక చెప్పమ్మా అన్నాడు.

అవ్వ లేచి, చేతులు దులుపుకుని, తడుముకోకుండా చెప్పింది. "కెంపి తల్లి బొల్లి. ముదగల్ తొవ్వల తోడేలుకు ఎదురు వోయింది. బొల్లి తల్లి చుక్కి. చుక్కి తల్లి కర్రి. కర్రి తల్లి గిడ్డి, మా అత్తకు పెండ్లిల అరణం ఇచ్చిన కుక్క. గిడ్డి తల్లి మల్లి. మల్లి తల్లి పుల్లి. పుల్లి తల్లి గంగి. ఆడికెల్లి మీద నాకు తెల్వదు సాబ్, తెల్వంది చెప్ప." జాతి దగ్గర ఏం రాయాలని గుమస్తా గొణిగాడు. ఆమె చెప్పిందే రాయమన్నాడు ఇంజనీరు గారు. అవ్వ వచ్చి కెంపిని పిలిచింది. అది లేచి ఒళ్లు విదిలించుకుంది. బహుమతి సీమకుక్కకే వచ్చింది, అవ్వ అటు చూడను కూడా చూడలేదు. ఇత్తడి బిళ్ళను కొంగుతో తుడిచి మెడకు కట్టి మందకు తోలుకుపోయింది. సోమవారం తుపాకులు మోగాయి. కెంపి మా పొలంలోనే గొర్రెల చుట్టూ తిరుగుతూ ఉంది.

పోయినేడు మా తమ్ముడి కొడుకు వంశవృక్షం అచ్చు వేయిస్తానని బంధువులందరినీ భోజనానికి పిలిచాడు. పెద్ద కాయితం మీద ఏడు తరాలు గీయించాడు. అన్నీ మగపేర్లే. ముళ్లకంపల మధ్య చంటిపిల్లలతో దిగి ఆ క్యాంపులో పొయ్యి వెలిగించిన మా అమ్మకు ఒక్క గడి లేదు. అడిగితే, "వంశవృక్షమంటే అంతేలే అత్తా" అన్నాడు. దుప్పటి తెచ్చి, విస్తళ్లు వేయవలసిన హాలు నడుమ పరిచి కూర్చున్నాను. వడ్డించేవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. పెద్దదానివి, ఇదేం పంతమని అందరూ నాకే చెప్పారు. చివరికి వాడే పెన్ను పట్టుకుని నా ముందు కూలబడి, సరే చెప్పు అన్నాడు.

మా అమ్మ పేరు చెప్పాను. అమ్మమ్మ పేరు చెప్పాను. ఆవిడ తల్లి పేరు చెప్పాను. కెంపి తల్లులు ఏడుగురూ ఈనాటికీ వరసగా నోటికొస్తారు, నా తల్లుల్లో నాలుగోది ఎవరో నాకు తెలియదు. తెలిసిందాకా చాలుగా, ఇక లే అత్తా అన్నాడు వాడు. లేవలేదు. పైన నాలుగు ఖాళీ గళ్లు కూడా గీయించి, అప్పుడు లేచాను.