జత పట్టీలు, ఒక్క ఒర

మా మామ కత్తికి తుప్పు పట్టడానికి కారణం నేనే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

మామ అంటే నా భార్య తండ్రి. ఆదిలాబాద్ నుంచి ఉట్నూర్ పోయే దారిలో ఒక ఊళ్లో పత్తి వేస్తాడు. ఆయన దగ్గర జానెడు కత్తి ఒకటుంది. పాత లారీ కమాను పట్టీ ముక్కను సాగగొట్టి ఊరి కమ్మరి చేసిన కత్తి. మామ తండ్రి వాడాడు, ఆ తర్వాత మామ వాడుతున్నాడు. పగ్గం కోయాలన్నా, కట్టె చెక్కాలన్నా, ఎరువు సంచి మూతి విప్పాలన్నా, మామిడికాయ కోసి ఉప్పుకారం అద్దుకోవాలన్నా అదే. ఆయన ఇల్లు దాటితే అది నడుము దగ్గర ధోతి మడతలో ఉంటుంది.

నేను పెద్దపల్లిలో ఒక రైసు మిల్లులో ఫిట్టర్‌ని. పదో తరగతితో నా బడి అయిపోయింది. మిగిలిన చదువంతా గ్రంథాలయంలో సాగింది. గ్రంథాలయానికి సెలవుండే శుక్రవారం తప్పిస్తే, డ్యూటీ దిగగానే చేతుల గ్రీసు కడుక్కొని అక్కడికే పోతాను. ఒకే వారంలో తేనెటీగల గురించి, వంతెనల గురించి, మనిషి మూత్రపిండాల గురించి చదివిన రోజులున్నాయి. మా అత్తగారింట్లో నా పేరు ‘బుక్కుల అల్లుడు’. మొదట్లో అది మెచ్చుకోలు అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను.

ఆ గ్రంథాలయంలోనే చేతిపనుల మీద అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అందులో కత్తులకు తోలు ఒరలు కుట్టడం గురించి బొమ్మలతో సహా ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకొని రోజుకో పేజీ చదివాను. మిల్లులో పారేసిన రంపపు బ్లేళ్లతో చిన్న కత్తులు అప్పటికే చేస్తున్నాను. వాటికి ఒరలు కుడితే చేతికి మంచి కాలక్షేపం అనిపించింది. ఆ పుస్తకంలో మొదటి అధ్యాయం తోలు ఎంచుకోవడం గురించి. దానిలో బొమ్మలు లేవు. దాటేశాను.

సోఫాలు బాగుచేసే దుకాణంలో నల్లటి, మెత్తటి, మెరిసే తోలు ముక్క దొరికింది. దాన్ని ఎర్ర దారంతో కుట్టి మా మామకిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘పెండ్లికి పోయెటట్టున్నదే’ అని ధోతి మడతలో దోపుకున్నాడు. ఆ రోజు నా నడక మారిపోయిందని నా భార్య ఇప్పటికీ అంటుంది.

విత్తనాలు వేసిన తర్వాత ముసురు పట్టింది. నాలుగు రోజులు కత్తి ఆ ఒరలోనే ఉండిపోయింది. అయిదో రోజు ఫోనొచ్చింది.

“అల్లుడా, నువ్విచ్చింది ఒరనా, ఉప్పు జాడినా?”

“ఏమైంది మామా?”

“కత్తి గుంజితె రాలే. గట్టిగ గుంజితె ఎర్రగొచ్చింది. మా నాయిన ఉంటె గిప్పుడు నా ఈపు ఎర్రగయ్యేది.”

మరునాడే గ్రంథాలయానికి పోయి ఆ మొదటి అధ్యాయం చదివాను. పచ్చి తోలు కుళ్లకుండా పదును చేయడానికి రెండు పద్ధతులున్నాయట. ఒకటి చెట్టు బెరడు రసంలో నెలల తరబడి నానబెట్టడం. రెండోది ఒక లోహపు లవణంతో రోజుల్లో ముగించడం. సోఫాలకు, సంచులకు వాడేది ఈ రెండోదే. మెత్తగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది. కానీ చెమ్మ తగిలితే దాని లోపలి లవణాలు ఉక్కును తినేస్తాయి. మా మామ ఒక్క పేజీ చదవకుండానే ఉప్పు జాడీ అన్నాడు. నేను పుస్తకం చేతిలో పెట్టుకొని కూడా ఆ మాట దాకా రాలేకపోయాను.

మన వైపు ఆ బెరడు పద్ధతికి ఏం వాడేవారో తెలుసుకోవాలని ఇంకో అల్మారా వెతికాను. ఒక తెలుగు పుస్తకంలో దొరికింది: తంగేడు చెక్క. బతుకమ్మలో పేర్చే తంగేడే. చిన్నప్పటి నుంచి ఆ పూలు కోసుకొచ్చినవాణ్ణి, దాని బెరడు తోలును వందేళ్లు నిలబెడుతుందని ముప్పై ఏడేళ్లకు తెలుసుకున్నాను. ఆ సంతోషంలో కుర్చీ వెనక్కి జరిపితే అది కిర్రుమంది. పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి తల ఎత్తి చూశాడు. ఆయనకు కూడా చెప్పేశాను.

ఇక తోలు కొనడం ఒక్కటే మిగిలింది. నాకు కావలసింది నాలుగు వేళ్ల వెడల్పు, మూరెడు పొడవు. అంతే. ఆ ‘అంతే’ దగ్గరే బండి ఆగిపోయింది.

కరీంనగర్‌లో చెప్పులు కుట్టేవాళ్లకు సామాన్లు అమ్మే పాత దుకాణం ఉంది. టోపీ పెట్టుకున్న పెద్దాయన గల్లా దగ్గర కూర్చున్నాడు. నేను చదివినదంతా చెప్పాను. బెరడుతో పదును చేసిన బర్రె తోలు, మూడున్నర మిల్లీమీటర్ల మందం, వీపు భాగం.

“అరె వా,” అన్నాడాయన. “ఎంత గావాలె?”

“మూరెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. “జర గిట్ల కూసో భాయ్. నువ్వు మూరెడు కోస్కపోతివి. మిగిలిన బర్రెను నేను ఎవలకు అమ్మాలె?”

“ముక్కలేమన్నా మిగిలితే ఇయ్యి చాచా.”

“ముక్కలు పొద్దుగాలనే చెప్పులు కుట్టెటోళ్లు ఏరుకపోతరు. వాళ్లది కడుపు. నీది శౌక్. ఎవలకియ్యాలె చెప్పు?”

అయినా ఆయన మంచివాడు. బల్ల కింద వెతికి ఒక ముక్క తీశాడు. నేను రెండు చేతులతో పట్టి లాగి చూశాను. సాగింది.

“ఇది పొట్ట భాగం చాచా. కత్తికి పనికిరాదు, వదులైపోతది.”

“ఎంత సదివినవయ్యా! నువ్వు గిట్ల వచ్చి దుకాన్ల కూసో, నేను లైబ్రరీకి పోత.”

హైదరాబాదులో ఒక టోకు వ్యాపారికి ఫోన్ చేశాను. పది తోళ్లకు తక్కువ బేరం లేదన్నాడు. పది తోళ్లతో మా మామకే కాదు, ఆయన ఇంటికి కూడా ఒర కుట్టొచ్చు. ఫోన్లో బొమ్మ చూసి ఆర్డరు పెట్టి ఒక ముక్క తెప్పించాను. బొమ్మలో అట్టలా కనిపించింది, చేతికొచ్చాక తడిసిన అరిటాకులా వేలాడింది. ఆ సమయంలోనే పొలాల అమావాస్య దగ్గరపడింది.

ఆదిలాబాద్ వైపు పొలాల అమావాస్య అంటే ఎడ్ల పండుగ. ఆ రోజు వాటితో పని చేయించరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి ఊరేగిస్తారు. మేము రెండు రోజుల ముందే అత్తగారింటికి చేరుకున్నాం. మామ నన్ను పలకరించాడు కానీ కత్తి ఊసెత్తలేదు. కిటికీలో నూనె గుడ్డ మీద అది కనిపించింది. బాగా సాన పట్టాడు, అయినా మొన దగ్గర తుప్పు తిన్న గుంటలున్నాయి. నేనిచ్చిన నల్ల ఒర చిలక్కొయ్యకు వేలాడుతోంది. అందులో మా అత్త దువ్వెన పెట్టుకుంది.

పండుగ సామాన్లకు నన్ను ఆదిలాబాద్ బజారుకు పంపించారు. కొమ్ములకు రంగు, కొత్త పగ్గాలు, రంగు దారాల కుచ్చులు తేవాలి. జీపు దిగి బజారులో రెండడుగులు వేశానో లేదో నిలబడిపోయాను. ఒక ముసలామె దుకాణం ముందు కర్రకు తోలు పట్టీలు వేలాడుతున్నాయి. ఎడ్ల మెడకు గంటలు కట్టే పట్టీలు. నాలుగు వేళ్ల వెడల్పు. రెండు మూరల పొడవు. చెప్పు అడుగంత మందం. నేను కరీంనగర్, హైదరాబాదు, ఫోనూ అంతటా వెతికిన తోలు, మా మామ ఎడ్ల మెడలో ప్రతి ఏడూ ఊరేగుతోందన్నమాట.

“కాయ్ పాయిజే, భావు?” ఏం కావాలని మరాఠీలో అడిగి, నా మొహం చూసి తెలుగులోకి వచ్చింది. “గంటల్తోనా, గంటల్లేకనా?”

నేను పట్టీ అంచు చూశాను. పైనుంచి కిందిదాకా ఒకటే గోధుమ రంగు, లవణంతో పదును చేసిన తోలుకుండే నీలి గీత మధ్యలో లేదు. నా నీళ్ల సీసాలోంచి పట్టీ లోపలివైపు ఒక్క చుక్క వేశాను. తాగేసి నల్లబడింది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాను. బెరడు తోలే.

“ఏందయ్యా, పట్టీకి నీళ్లు తాపుతవ్, వాసన జూస్తవ్. కొంటవా, తింటవా?”

“కొంట అవ్వా. ఒక్కటియ్యి.”

“ఒక్కటా? నీకు ఎన్ని ఎడ్లు?”

“నాకు ఎడ్లు లెవ్వు. కత్తికి.”

ఆమె పక్కనే పగ్గాలు అమ్ముతున్న ఆయన వైపు తిరిగింది. “ఇన్నవా, గీయన కత్తికి గంటలు గడ్తడట!” మళ్లీ నాతో, “ఒక్కటి అమ్మ బిడ్డా. జతనే.”

“ఒక్కటే చాలు అవ్వా నాకు.”

“నీకు సాలుతది. మిగిలిన ఒక్కదాన్ని ఎవలు కొంటరు? ఒంటెద్దుకు పండుగ జేసెటోళ్లు ఉన్నరా?”

కరీంనగర్‌లో మిగిలిన బర్రె, ఇక్కడ మిగిలిన ఎద్దు. జత కొన్నాను. పట్టీలు, పగ్గాలు, కుచ్చులు చంకలో పెట్టుకొని జీపెక్కి ఊరి దగ్గర దిగాక కొమ్ముల రంగు గుర్తొచ్చింది. పక్కింటివాళ్ల దగ్గర అడుక్కుంటే, ఒక ఎద్దుకు ఎరుపు, ఒక ఎద్దుకు ఆకుపచ్చ వచ్చింది.

ఇప్పుడు కత్తి కావాలి. తోలును తడిపి కత్తి చుట్టూ అదిమితేనే ఒర కత్తి ఆకారానికి వస్తుంది. మామ పశువుల కొట్టంలో మూతి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“మామా, కత్తి ఒక్క రోజుకియ్యి.”

“మల్ల నీ చేతికియ్యాల్నా? ఇంగొక్క వానకాలమైతె నాకు సూదే మిగుల్తది.”

నా భార్య గడపలోంచి అంది. “ఇయ్యి బాపు. గీసారి మొదటి పాఠం గుడ సదివిండు.”

ఆయన కిటికీ దగ్గరికి పోయి గుడ్డతో సహా కత్తిని తెచ్చాడు. ఇస్తూ పిడి ఒక్క క్షణం వదల్లేదు. “ఎల్లుండి పొద్దుగాల ఎడ్లకు కొత్త పగ్గాలు గొయ్యాలె. గప్పటికి నా చేతుల ఉండాలె. మా నాయిన గూడ పండుగనాడు దీంతోనే కోసేటోడు.”

ఒక పట్టీకి బకెల్ కోసేసి, బోరింగు దగ్గర బకెట్లో నానబెట్టాను. కత్తికి నూనె రాసి, ఎరువు సంచి లోపలి పాలిథీన్ చుట్టి, పట్టీని మధ్యకు మడిచి దాని చుట్టూ వేళ్లతో అదిమాను. కొట్టం చూరు కింద ఎండ పడేచోట ఆరబెట్టాను. రోజంతా మబ్బు పడుతుందేమోనని ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాను. మరునాటికి కట్టెలా బిగిసింది. మైనం రుద్దిన దారంతో రెండు అంచులూ కుట్టి, పైకి మిగిలిన కొసను పుస్తకంలో చూపించినట్టే బెల్టు దూరేలా మడిచి కుట్టేశాను. అంచులను చింతకట్టెతో రుద్దితే అద్దంలా మెరిశాయి. మైనం పూశాను. కత్తి దూర్చితే ‘టక్’మని కూర్చుంది. తలకిందులు చేసినా జారలేదు.

అమావాస్య పొద్దున అందరి ముందూ మామకిచ్చాను. ఆయన కత్తి తీశాడు, పెట్టాడు. మళ్లీ తీశాడు. తన బొటనవేలితో అంచు రాసి చూశాడు.

“మంచిగ కూసున్నది. దీన్ని యాడ తగిలియ్యాలె?”

“బెల్టుకు మామా.”

ఆయన తన ధోతి వైపు చూసుకున్నాడు. నేను కూడా చూశాను. ఆయన జన్మలో బెల్టు పెట్టలేదు. ఆ పుస్తకం రాసినవాళ్లంతా ప్యాంట్లు తొడిగినవాళ్లని నాకు ఆ క్షణంలో తట్టింది. ధోతి మడతలో దోపి చూశాడు. వంగగానే ఆ గట్టి తోలు పొట్టలో పొడిచింది.

“మొలతాడుకు గట్టుకో,” అంది అత్త నవ్వు ఆపుకుంటూ. “ఊరేగింపుల మొలతాడు తెగుతది. ఊరోళ్లు ఎడ్లను ఇడిసిపెట్టి నిన్నే జూస్తరు.”

మామ మాత్రం నవ్వలేదు. ఆయన చూపు గోడ మీద ఉంది. అక్కడ జతలో మిగిలిన రెండో పట్టీ కొస బకెల్‌తో వేలాడుతోంది. తీసుకొచ్చి ఒర మడతలోంచి దూర్చి నడుముకు చుట్టుకున్నాడు. బకెల్ చివరి రంధ్రంలో సరిపోయింది. నాలుగడుగులు నడిచాడు. వంగాడు. లేచాడు.

“ఒక పట్టీ కత్తికి, ఒక పట్టీ మామకు. మంచిగనే కట్టేసినవ్ అల్లుడా. రెండు గంటలు గుడ తేకపోయినవ్, నేను యాడ తిరుగుతున్ననో మీ అత్తకు ఎరుకయ్యేది.”

“గంటలెందుకు, నీ నోరు సాలదా?” అంది అత్త.

ఆయన నడుము నుంచి కత్తి తీసి కొత్త పగ్గాలు కోశాడు. ఎరుపు కొమ్ముల ఎద్దు, ఆకుపచ్చ కొమ్ముల ఎద్దు, మధ్యలో పట్టీ కట్టుకున్న మామ ఊరేగింపుకు పోయారు. సగం దారిలో వాన అందుకుంది. నేను గొడుగు పట్టుకొని వెనకాలే నడిచాను. నా చూపంతా ఆయన నడుము మీదే.

ఇంటికొచ్చాక, తల కూడా తుడుచుకోకుండా ఆయన ముందు కత్తి తీశాడు. పొడి గుడ్డతో తుడిచి, కొబ్బరి నూనె రాసి, కిటికీలో పెట్టాడు. ఒరను విడిగా చిలక్కొయ్యకు తగిలించాడు, దువ్వెన పక్కన. తడిసిన ఒరలో కత్తి ఉంచకూడదని పుస్తకం మొదటి అధ్యాయం చివర్లో చెబుతుంది. నేను ఆయనకు ఇంకా చెప్పలేదు.

“గట్ల ఇడిగ పెట్టాల్నని ఎవలు చెప్పిండ్రు మామా?”

“మా నాయిన గట్లనే పెడుతుండె. పోయిన ముసుర్ల నీ నల్లదాని సోకు జూసి అండ్లనే ఇడిసిపెట్టిన. తప్పు నాది గుడ ఉన్నది.” తువ్వాలు అందుకుంటూ అడిగాడు. “నీ బుక్కుల ఏం రాసిండ్రు?”

“గట్లనే రాసిండ్రు.”

“అయితె మంచి బుక్కే,” అన్నాడు మామ, తల తుడుచుకుంటూ.