ఖాళీ సూది

ఇప్పుడంటే ఆ వీధిలో కొత్తగా దిగిన కుటుంబానికి మూటలు విప్పకముందే తోడు దొరుకుతోంది. ఒక్కో కొత్త ఇంటికి ఒక్కో పాత ఇల్లు. పిల్లల్ని బడిలో చేర్చడానికి, ఏ బస్సెక్కాలో చెప్పడానికి, ఆసుపత్రిలో మాట సాయానికి. ఈ ఏర్పాటంతా మొదలైంది కింది వాటాలో, కుట్టుమిషను అత్తయ్య గదిలో.

అత్తయ్య కూడా ఒకప్పుడు ఈ పరాయి దేశంలో భాష రాక, నోరుండీ మూగదానిలా దిగినదే. చాన్నాళ్లు కిటికీతోనే కాపురం చేసింది. అందుకే నిలదొక్కుకున్నాక ఇరుగుపొరుగుని పోగేసి, "మనం పడ్డ పాట్లు వచ్చేవాళ్లకెందుకర్రా?" అని తలా ఒక ఇల్లు అప్పజెప్పింది.

తన వంతుకి మూడో అంతస్తు పిల్ల వచ్చింది. మొగుడు గిడ్డంగి పనికి పోతే ఆ పిల్ల గడియ తీసేది కాదు. అత్తయ్య వేడివేడిగా వండి మోసింది, దుప్పట్లు మోసింది. తోమిన గిన్నెలు గుమ్మం బయట బోర్లించి ఉండేవి, అంతే. ఒకనాడు మెట్ల మీద ఆ పిల్ల మొగుడు ఎదురై నీళ్లు నమిలాడు.

"మేం తిరిగి వెళ్లిపోతామత్తయ్యా. రోజూ ఒకరు పెడితే తినడం తనకి తల కొట్టేసినట్టుందట."

అత్తయ్య కిందికొచ్చి మిషను ముందు కూర్చుంది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయింది. ఆ రోజుల్లో తన తలుపు మొదట తట్టిన బస్సు డ్రైవరు భార్య ఏం తెచ్చింది? ఏమీ తేలేదే! "కత్తెరుందా వదినా?" అని అడగడానికొచ్చింది. ఆ పూట తను ఎంత నిటారుగా నిలబడిందో!

మర్నాడు సగం కుట్టిన చొక్కా భుజాన వేసుకుని, సూదీ దారం పట్టుకుని మేడెక్కింది.

"కళ్లు ఆనడం లేదే తల్లీ. కాస్త ఎక్కించి పెట్టు."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఓ చెయ్యి సూది అందుకుంది. దారం ఎక్కింది. చూపు మాత్రం చొక్కా మీద ఆగింది.

"చంక దగ్గర కుట్టు వంకరపోయిందండీ."

"వంకరా? నువ్వు పుట్టకముందు నుంచీ కుడుతున్న చెయ్యే ఇది!"

"చెయ్యి పాతదైతే వంకర తిన్ననవుతుందా? ఇలా ఇవ్వండి."

తలుపు బార్లా తెరుచుకుంది. ఆ మొగుడూ పెళ్లాల ప్రయాణం కట్టిపెట్టినట్టే అయింది. నిజానికి అప్పట్లో అత్తయ్యవి డేగకళ్లు. పిల్లకి ఆ సంగతి తొందర్లోనే తెలిసింది. అయినా రోజూ దిగొచ్చి దారం ఎక్కించేది.

ఇప్పుడు అత్తయ్యకి నిజంగానే కళ్లు ఆనడం లేదు. ఆ పిల్లకీ జుట్టు నెరుస్తోంది. మొన్న గబగబా లోపలికొచ్చింది.

"అత్తయ్యా, ఎదురు వాటాలో కొత్తవాళ్లు దిగారు. ఓ సూది ఇటివ్వండి."

"దారం ఎక్కించిందా, ఖాళీదా?"

"ఖాళీదే!"