వార్తిని చుక్కల పుస్తకం

నాకు అనుమానం ఎక్కువ, ఒప్పుకుంటాను. జావాలోని పెకలోంగన్‌లో, గుడ్డ మీద మైనంతో బొమ్మలు గీసి రంగులద్దే బాతిక్ పాకలో పదిహేడేళ్లుగా పనివాళ్ల మీద పెద్దరికం చేస్తున్నాను. అనుమానపడకపోతే ఇక్కడ మైనమూ మిగలదు, డిజైన్ల గుట్టూ మిగలదు.

వార్తిని మీద పనిలో చేరిన మొదటిరోజే అనుమానం. సంబల్ వద్దంది! మిరపకాయల పచ్చడి వద్దనే జావా మనిషిని నేనెక్కడా చూళ్లేదు. మెత్తటి గంజన్నం తెచ్చుకుని, గోడవైపు తిరిగి నాలుగు ముద్దలు తినేది.

"ఏమే, మా వంటలో విషం కలిపామా?" అని నేనంటే, "కాదు పార్తినా అక్కా, నా కడుపే నాకు పగ" అని నవ్వేది. నవ్వితే నమ్మేయాలా?

చెయ్యి మాత్రం బంగారం. మైనం కలంతో ఆవగింజంత చుక్కలు పెట్టడంలో ఆమెకు సాటి లేదు. కానీ పూటకి ఆరేడుసార్లు లేచేది. వేడినీళ్ల సీసా పొట్టకి అదుముకుని, చిన్న నోటుపుస్తకం పట్టుకుని దొడ్డివైపు పోయేది. మరుగుదొడ్లోకి పుస్తకం ఎందుకండీ?

ఈ ఏడు మా కొత్త నెమలి డిజైను ఏటి అవతలి పాకవాళ్ల గుడ్డల మీద తేలింది. "దొంగెవరో శుక్రవారంలోగా చెప్పు, పంపించేద్దాం" అంది పాక యజమానురాలు, మా అమ్మగారు. ఆ మాట పాకలో చెప్పగానే వార్తిని పుస్తకాన్ని నడుములో దోపుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!

ఆ పుస్తకంతో ఇంకెక్కడికి పోతుందో చూద్దామని మంగళవారం మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. కాసేపటికి వార్తిని వచ్చింది. ఒళ్లంతా చెమట.

"అక్కా, తాళంచెవి."

"భోజనాలప్పుడు."

"నీ కాళ్లు పట్టుకుంటానక్కా."

"నాటకాలాడకు, పో."

పోయి కూర్చుంది. పెదవి కొరుక్కుంటూ చుక్కలు పెట్టింది, ఒక్కటీ చెదరలేదు. తర్వాత నడుముకి గుడ్డ చుట్టుకుని, చెప్పకుండా ఇంటికి పోయింది. దొరికిపోతానని పారిపోయిందనుకున్నాను.

గురువారం పనిలోకి రాగానే పుస్తకం లాక్కుని అమ్మగారి ముందు తెరిచాను. రోజుకో గడి గీసుంది. ఒకదాంట్లో మూడు చుక్కలు, ఒకదాంట్లో చేపపొలుసుల్లాంటి గీతలు. "చూడండి, అన్నీ మన పాక నమూనాలే!"

"అవి నా నొప్పులమ్మా" అంది వార్తిని. "పెద్దపేగులో పుండ్లు, పదకొండేళ్లుగా. నొప్పి పదిలో ఎంత అనడుగుతాడు డాక్టరు. నాకు అంకెల్లో తెలీదు, చుక్కల్లో తెలుసు. మూడు చుక్కలంటే పని చేసుకోగలను. పొలుసులంటే వేడిసీసా కావాలి. ఏం తింటే పెరిగిందో పక్కన రాస్తాను. అది చూసే ఆయన మందు మారుస్తాడు."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?" అన్నాను.

"చెప్తే పక్కన కూర్చోనిస్తారా అక్కా? అంటుకుంటుందనరూ?"

అప్పటికీ నమ్మలేదు, సిగ్గులేనిదాన్ని. ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని పేజీలు తిప్పాను. ప్రతి గడిలోనూ కాస్తయినా తెలుపు మిగిలుంది. ఒక్కదాంట్లోనే లేదు. సిరాతో నల్లగా అలికేసింది, కాగితం చిరిగిపోయింది. మొన్నటి మంగళవారం అది. పక్కన తిండి రాసే చోట, "ఏమీ తినలేదు. తాళం" అని ఉంది.

అమ్మగారు పుస్తకం మూసి ఆమెకిచ్చేసి, "పోయి పని చూసుకో తల్లీ" అంది.

వెనకాలే వెళ్లి తాళంచెవి ఆమె చేతిలో పెట్టబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకెందుకక్కా? ఆ తలుపుకి తాళమే వద్దు" అంది.