అమ్మకు నాయనమ్మ కుట్టిన ఆవాల సంచి

ఎండ తగలకుండా నీడలోనే ఆరిన నూలుగుడ్డకు ఒక పులిసిన వాసన ఉంటుంది. మొన్న ముసురు పట్టిన నాలుగు రోజులూ ఖైరతాబాద్‌లోని మా ఫ్లాటంతా ఆ వాసనే. మా అమ్మాయి తన బ్రాలను హాల్లో ఫ్యాను కింద, వచ్చేపోయేవాళ్లకు కనిపించేటట్టే కుర్చీల మీద ఆరేసి, తాను వదులు చొక్కాలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటూ, "నిజంగా ఇవి అవసరమా మమ్మీ?" అని అడిగింది. నేను ఒక కుర్చీ మీది తడి బ్రాను తిరగేసి ఆరేశాను.

నా చిన్నప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు మాది. రైలు వచ్చినప్పుడల్లా కిటికీ రెక్కలు గజగజలాడేవి. నాన్న పార్శిల్ ఆఫీసులో గుమాస్తా. అమ్మ లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో అర్జీలు తీసుకునే ముందు బల్ల దగ్గర కూర్చునేది. పల్లెలో పొలం పోయాక నాయనమ్మ మా దగ్గరికి వచ్చేసింది. ఎండాకాలం సెలవుల్లో నేనూ ఆమే బండ మీద సుద్దతో గళ్లు గీసి, చింతగింజలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం; ఆమె తంపట వేసి ఉడికించిన పల్లికాయ ఒలిచి నా నోట్లో పెడుతూనే నా గింజను చంపేది. ముడి రవిక తప్ప వేరేది ఎరగని మనిషి, ఉక్క పోస్తే ఆ ముడి కూడా విప్పేసి కొంగు కప్పుకుని హాయిగా కూర్చునేది.

అమ్మ మాత్రం అలా ఎప్పుడూ కూర్చోలేదు. బ్రా అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు, బాడీ అనేవాళ్లు. దండెం మీద అమ్మ బాడీలు తువ్వాలు కిందే ఆరేవి, వానాకాలంలో సగం తడిగానే వాటిని వేసుకుని ఆమె బస్సు ఎక్కేది. దసరా ముందు నన్ను వెంటబెట్టుకుని అబిడ్స్‌లో ఒక దుకాణానికి వెళ్లేది. అద్దాల బల్ల వెనక అందరూ మగవాళ్లే. రోజంతా గట్టిగా మాట్లాడే అమ్మ గొంతు అక్కడ గుసగుస అయిపోయేది, వాళ్లలో ఒకాయన ఆమెను ఒక్కసారి ఎగాదిగా చూసి ఒక డబ్బా తీసి, ఉర్దూ పేపర్లో చుట్టి ఇచ్చేవాడు. సరిపోయిందా లేదా అని ఇంటికొచ్చాకే తెలిసేది. బిగుతైనా తిరిగి వెళ్లి మార్చుకునే ధైర్యం ఆమెకు ఉండేది కాదు.

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అమ్మ పరదా వెనక్కి వెళ్లి దాన్ని విప్పి, అక్కడే ఒక్క నిమిషం గోడకు ఆనుకుని నిలబడేది. భుజాల మీద ఎర్రటి చారలు పడి ఉండేవి. నాయనమ్మ వాటికి కొబ్బరినూనె రాస్తూ గొణిగేది.

"ఎందుకే బిడ్డా గిది? ఎవలు కట్టుకొమ్మన్నరు?"

"ఆఫీసుల అందరు చూస్తరు అత్తమ్మా."

"చూస్తె చూడనియ్యి. గీడ మనకు సోపతిగాళ్లా, సుట్టాలా వాళ్లు?"

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు, బతుకమ్మకు సద్దులు కలుపుతూ అమ్మ చెయ్యి ఎత్తలేక ఆగిపోయింది. నువ్వుల పొడి పళ్లెం నాయనమ్మ అందుకుని, రవిక హుక్కులు విప్పించి చూసి, నాన్నను పిలిచింది. ఎడమవైపు గడ్డ. అమ్మకు అది తెలిసి చాలా నెలలైంది. బాడీ అంచు ఒరుసుకుని కాయ కాసిందనుకుంది, ఆ చోటు ఎవరికైనా చూపించాలంటేనే చచ్చేంత సిగ్గుపడింది. వాటివల్లే ఇదంతా వచ్చిందని నాయనమ్మ అదే రోజు ఇంట్లో ఉన్న బాడీలన్నీ మూట కట్టి పారేసింది. కానీ దవాఖానలో డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, "దానికీ దీనికీ సంబంధం లేదు పెద్దమ్మా, ఆలస్యంగా తెచ్చిన్రు, అంతే" అంది. ఆ రొమ్ము తీసేశారు.

అమ్మ మళ్లీ ఆఫీసుకు వెళ్లాల్సిన రోజు దగ్గరపడింది. అద్దం ముందు నిలబడి రవికలో దూది కుక్కుకుని చూసుకునేది. దూది పైకి తేలిపోయేది, ఆమె తీసి మళ్లీ కుక్కుకునేది. రెండు రోజులు చూసి నాయనమ్మ, జీవితమంతా ఆ గుడ్డను తిట్టిన నాయనమ్మ, నన్ను పంపించి అబిడ్స్ నుంచి కొత్త బాడీ తెప్పించింది. తన పాత చీర చెంగు చింపి గుండ్రటి సంచి కుట్టి, అందులో ఆవాలు పోసి, అరచేతిలో పెట్టుకుని తూచింది. ఇంకొన్ని పోసి మళ్లీ తూచింది.

"గింత బరువుంటది. ఇగ జారదు తియ్యి," అంది. అమ్మ దాన్ని గుండెకు అదుముకుని ఏడ్చింది.

ఆ జనవరిలో నాన్న మమ్మల్ని ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాడు. మిర్చీ బజ్జీల నూనె వాసన, దుమ్ము, జనం తోపులాట. గాజుల దుకాణం ముందు ఎవరిదో మోచెయ్యి గట్టిగా తగిలి సంచి కుట్టు తెగింది. ఆవాలు అమ్మ చీర కుచ్చిళ్ల మీదుగా జలజలా రాలి నేల మీద పడ్డాయి. ఒకామె నవ్వింది. నాన్న తెలియనట్టు నాలుగడుగులు ముందుకు నడిచాడు. నేను వంగి ఆవాలు ఏరబోతుంటే అమ్మ నా జబ్బ పట్టుకుని లేపి, అలాగే గేటు దాకా నడిచింది.

ఇంటికొచ్చాక నాయనమ్మ సూదీ దారం తీసింది గానీ అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇగ వద్దు అత్తమ్మా. ఉన్నట్లే పోత."

ఆఫీసుకు అలాగే వెళ్లింది, ఒకవైపు చదునుగా, కొంగు మామూలుగా వేసుకుని. నెల తిరగకముందే ముందు బల్ల దగ్గరి నుంచి తీసి వెనక ఫైళ్ల గదికి మార్చారు. వచ్చినవాళ్లకు ఇబ్బందిగా ఉంటుందని ఎవరో అన్నారట. కిటికీ లేని ఆ గదిలో, కట్టలు కట్టిన కాగితాల మధ్య, అమ్మ రెండేళ్లు పనిచేసింది. శనివారాలు బడి అయ్యాక నేను వెళ్తే టిఫిన్ డబ్బా మూతలో నాకు సగం అన్నం పెట్టేది. అక్కడ ఆమె భుజాల మీద చారలు లేవు. నవ్వు కూడా పెద్దగా లేదు.

జబ్బు తిరగబెట్టి, ఒక వానాకాలం పొద్దున అమ్మ పోయింది. స్నానం చేయించి కొత్తచీర కట్టేటప్పుడు పక్క పోర్షన్ టీచరమ్మ మెల్లగా, "లోపల ఏమన్నా పెట్టి సరిచేద్దామా, అందరూ చూడటానికొస్తరు" అంది. నాయనమ్మ తడి చేతులతో అమ్మ ఛాతీ మీది కుట్టుగీతను ఒకసారి నిమిరి, కొంగు కప్పింది.

"ఇగ సాలు. నా బిడ్డకు ఏం కట్టకున్రి."

ఇప్పుడు ఆ సందు లేదు, మా మేడ ఉన్నచోట బండ్లు నిలుపుకుంటున్నారు. అబిడ్స్‌లో ఆ దుకాణం సెల్‌ఫోన్ల షాపు అయింది. అమ్మ పోయిన మూడేళ్లకు నాయనమ్మా పోయింది, ఆ తర్వాత నాన్నా పోయాడు. మా అమ్మాయి అడిగినదానికి రెండు రోజుల తర్వాత జవాబు చెప్పాను: నీకు సుఖంగా ఉంటే వేసుకో, లేకపోతే మానెయ్యి, అంతకుమించి అవసరమేమీ లేదు, మీ అమ్మమ్మను ఆ మాట అడిగింది మా నాయనమ్మ ఒక్కతే అని. అప్పుడు అమ్మాయి అమ్మమ్మ ఫోటో చూపించమంది. పెళ్లినాటివి, ఆఫీసులో చేరినప్పటివి, నన్ను ఎత్తుకున్నవి, అన్నీ తీసి ముందు పెట్టాను. ఆపరేషన్ తర్వాత అమ్మ కెమెరా ముందు నిలబడలేదు. ఉన్నది ఉన్నట్టు నడిచి వెళ్లిన ఆ రెండేళ్ల అమ్మ ఏ ఫోటోలోనూ లేదు. మా ఇంట్లో ఆమెను చూసినవాళ్లలో ఇంకా మిగిలింది నేనొక్కదాన్నే, నాకూ ఆమె ముఖం కొంచెం కొంచెంగా చెరిగిపోతోంది.