చింతలపూడి కూలర్లో మావయ్యగారి కారు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఇది ఒక కారుని బాగుచేస్తానని బయల్దేరి, దాని ప్రాణాన్ని చేజేతులా పక్క ఊరికి పార్సెల్ చేసిన ఒక మొనగాడి కథ. ఆ మొనగాణ్ణి నేనే. అప్పటికి పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. కొత్తల్లుడి తెలివి ఎంతో తెలుసుకోవాలని అత్తారింటివాళ్లకి సహజంగా ఉండే కుతూహలాన్ని నేను ఒక్క వారంలో పూర్తిగా తీర్చేశాను.

మా మావయ్యగారిది నూజివీడు. ఆయనకి రసాల మామిడితోట ఉంది, ఆ తోటకంటే ఎక్కువగా చూసుకునే ఓ పాత విలాయతి కారు ఉంది. దానికి పెట్రోలు ట్యాంకులు రెండు, వెనక చక్రాల మీద చెరోవైపు. ఒకటి అయిపోగానే స్టీరింగు పక్కనున్న మీట తిప్పితే రెండోది అందుకుంటుంది. ఆ మీట తిప్పే హక్కు మావయ్యగారిది. ఎవరు నడుపుతున్నా సరే, ఆయన వెనక సీట్లోంచి ముందుకి వంగి స్వయంగా తిప్పేవారు. మా ఆవిడ శిరీష బడికెళ్లింది ఆ కారులోనే. పెళ్లయ్యాక మమ్మల్నిద్దర్నీ ఇంటికి తెచ్చిందీ అదే. ఆ వెనక సీట్లో కూర్చున్న రోజునుంచీ దానిమీద నాకు ఎంత ఇష్టం పెరిగిందంటే, శిరీషకి కొంచెం అనుమానం కూడా వచ్చింది.

ఆ వేసవిలో రెండు ట్యాంకులూ తుప్పుపట్టి కారడం మొదలుపెట్టాయి. షెడ్డంతా పెట్రోలు కంపు. అత్తయ్యగారు ఆ వైపు అగరొత్తి వెలిగించడం మానేశారు.

"ఇంక నావల్ల కాదండీ అల్లుడుగారూ," అన్నారు మావయ్యగారు. "చింతలపూడి రాఘవయ్యగారు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. ఆయనకి పాత కార్లంటే పిచ్చి. ఇచ్చేస్తాను."

"నేను బాగుచేయిస్తాను మావయ్యగారూ."

"మీరా?"

ఆ ఒక్క మాటతో నా చదువూ, పెళ్లిచూపుల్లో నా గురించి మావాళ్లు చెప్పిన గొప్పలూ అన్నీ కొట్టుకుపోయాయి.

"సరే. వచ్చే ఆదివారం హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి, దారిలో ఎక్కడా ఆగకుండా మన గేటు దాకా తిరిగి రావాలి. వస్తే కారు ఇంట్లో ఉంటుంది. ఆగిందా, రాఘవయ్యగారిది," అన్నారాయన. శిరీష తలుపు చాటునుంచి అంతా వింది. ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యలేదు.

బుద్ధున్నవాడైతే ట్యాంకులు ఊడదీసి, కడిగించి, చిల్లులకి మాట్లు వేయించేవాడు. నేను అప్పటికి రాత్రీ పగలూ ఫోన్లో రేసు కార్ల వీడియోలు చూసి ఉన్నాను. ఆ కార్లకి ట్యాంకులుండవు, ఫ్యూయల్ సెల్ ఉంటుంది. బయట రేకు పెట్టె, లోపల గట్టి రబ్బరు సంచి. బండి పల్టీలు కొట్టినా చుక్క కారదు. మా మావయ్యగారు బండిని సైకిలు కంటే వేగంగా పోనివ్వరు, అది వేరే విషయం. హైదరాబాదులో ఒక షాపుకి ఫోన్ చేసి ఫ్యూయల్ సెల్ తెప్పించాను.

అది దిగిన రోజు కోత ముమ్మరంగా ఉంది. వరండా అంతా కాయలు, పెట్టెలు, వరిగడ్డి. నేను ఆ మధ్యలోనే కూర్చుని, లోపల శుభ్రంగా ఉందో లేదో చూద్దామని మూత చుట్టూ ఉన్న బోల్టులు విప్పాను. లోపల నల్లటి స్పాంజి, చిల్లుల చిల్లులది, దిమ్మలు దిమ్మలుగా కూరి ఉంది.

మీది మా ప్రాంతమైతే ఇక్కడ నన్ను తప్పుపట్టరు. మాకు పెట్టె అంటే లోపల గడ్డి ఉండాల్సిందే. కాయ నలగకుండా కింద గడ్డి, పక్కన గడ్డి, పైన గడ్డి. పెట్టె విప్పగానే చేసే మొదటి పని, ఆ మెత్తటిదాన్ని తీసి మళ్లీ పనికొస్తుందని పక్కన పెట్టడం. నేనూ అదే చేశాను.

"ఎంత బాగా ప్యాక్ చేశాడో చూశావా," అన్నాను శిరీషతో, ఆఖరి దిమ్మ లాగుతూ.

"ఖాళీ పెట్టెకి ప్యాకింగు ఎందుకండీ?"

ఇంతకంటే తెలివైన ప్రశ్న ఆ వారం మొత్తంలో ఎవరూ అడగలేదు. "లోపలికి నొక్కుకుపోకుండా," అన్నాను, పుట్టుకతోనే ఇంజనీరునన్నట్టు.

సరిగ్గా అప్పుడే మావయ్యగారు వచ్చారు. "రాఘవయ్యగారికి ఓ పెట్టె చిన్న రసాలు పంపించాలండీ. కారు వెళ్లినా వెళ్లకపోయినా, మాట తియ్యగా ఉండాలి కదా," అన్నారు. రసాలు మహా సుకుమారం, వేలు గట్టిగా తగిలినా కమిలిపోతాయి. నేను ఊరుకుంటానా? ఆ స్పాంజి దిమ్మలన్నీ కిందా పక్కనా పైనా పేర్చి, అల్లుడి పనితనమంతా చూపించి, చింతలపూడి వెళ్లే ఆటోలో ఎక్కించాను. మావయ్యగారు నావైపు మొదటిసారి మెచ్చుకోలుగా చూశారు.

పాత ట్యాంకులు తీయించి, కొత్త పెట్టెని డిక్కీలో బిగించి, పెట్రోలు పోసి, శుక్రవారం సాయంత్రం శిరీషని పక్కన కూర్చోబెట్టుకుని ఆగిరిపల్లి రోడ్డెక్కాను. తిన్నటి రోడ్డు మీద కారు వెన్నలా పోయింది. "చూశావా," అనబోతుండగా మొదటి మలుపు వచ్చింది. ఇంజను దగ్గింది, ఆగింది.

"ఏమైందండీ?"

"కొత్త కదా. అలవాటు పడాలి."

కాసేపటికి స్టార్టయింది. రెండో మలుపులో మళ్లీ ఆగింది. మూడో మలుపులోనూ అంతే. ఎడమకి తిప్పినా కుడికి తిప్పినా అదే వరస.

"హనుమాన్ జంక్షన్ దాకా మలుపుల్లేని దారి ఉందేమో కనుక్కోండి," అంది శిరీష. ఎగతాళిగానే అంది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి షాపుకి ఫోన్ చేశాను.

"మలుపులో ఆగుతోందా? అలా ఆగదండీ. లోపల ఫోమ్ ఉంటుంది కదా," అన్నాడు షాపాయన.

"ఫోమ్ అంటే?"

"నల్ల స్పాంజండీ. బండి తిరిగినప్పుడు పెట్రోలంతా ఓ పక్కకి పోకుండా పట్టుకునేది అదే. అది లేకపోతే పెట్రోలు ఓ మూల, పీల్చే గొట్టం ఓ మూల. ఇంజనుకి ఏం అందుతుంది?"

నేను వరండాలో ఉన్న మామిడి పెట్టెలవైపు చూశాను.

"తియ్యలేదు కదండీ?"

"ప్యాకింగ్ అనుకున్నానండీ."

ఆయన ఎంతో మర్యాదగా, "కొత్తది తెప్పించాలంటే రెండు వారాలు పడుతుందండీ," అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడంటారు కదా. నా విషయంలో ఆ ఆకులు కూడా చింతలపూడి వెళ్లిపోయాయి.

శనివారం పొద్దున్నే మోటారుసైకిలు మీద నేనూ చింతలపూడి వెళ్లాను. రాఘవయ్యగారు హాల్లో పడక్కుర్చీలో, పెద్ద కూలరుకి ఎదురుగా, కళ్లు మూసుకుని స్వర్గసుఖం అనుభవిస్తున్నారు. వాళ్లావిడ అనసూయమ్మగారు మజ్జిగ తెచ్చిచ్చారు.

"రండి రండి. కాయలు అద్భుతం, ఒక్కటి కమల్లేదు," అన్నారాయన. "కానీ ఆ స్పాంజి ఉంది చూశారూ, దాని ముందు కాయలెంత? కూలర్లో గడ్డి తీసేసి అది పెట్టించాను. ఏం చల్లదనమండీ."

చూశాను. మా మావయ్యగారి కారు ప్రాణం కూలరు మూడు పక్కలా బిగించి ఉంది, దానిమీదనుంచి నీళ్లు కారుతున్నాయి.

నిజం చెప్పొచ్చు కదా అని మీకనిపిస్తుంది. నాకు అనిపించలేదు. "అది మంచిది కాదండీ," అన్నాను గంభీరంగా. "దానికి పురుగుమందు తగిలింది. వెనక్కి పట్టుకెళ్దామని వచ్చాను."

రాఘవయ్యగారు లేచి కూర్చున్నారు. "అందులో వచ్చిన కాయలు మేం తిన్నాం కదయ్యా."

"కాయలకి తగల్లేదండీ."

"స్పాంజికి తగిలి, స్పాంజిలో ఉన్న కాయకి తగల్లేదా?" ఆయన పొట్ట పట్టుకున్నారు. "అనసూయా, పొద్దుట్నుంచీ నాకు ఏదోలా ఉందన్నానా? డాక్టరుగారికి ఫోన్ చెయ్యి."

"మీరు తిన్నది అరడజను రసాలు. ఏదోలా ఉండక ఇంకెలా ఉంటుంది?" అన్నారావిడ. అంటూనే ఫోన్ కోసం లేచారు. మా మావయ్యగారి తోట పరువు డాక్టరుగారి దాకా వెళ్లబోతోందని అర్థమై, ఇంక దాచలేక మొత్తం కక్కేశాను. రేసు వీడియోలు, బోల్టులు, గడ్డి, మలుపులు, రేపటి పందెం, అన్నీ.

రాఘవయ్యగారు ఓపిగ్గా విన్నారు. పొట్టమీదనుంచి చెయ్యి తీశారు. మొహం మెల్లగా వికసించింది.

"అంటే ఈ స్పాంజి ఇక్కడే ఉంటే, కారు కూడా ఇక్కడికే వస్తుందన్నమాట."

"అంతేనండీ," అన్నాను. శిరీష భోజనం ముందు కూర్చుని కంచంలో గీతలు గీసిన దృశ్యం కళ్లముందు కదిలింది, నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన మళ్లీ పడక్కుర్చీలో వాలారు. కానీ అనసూయమ్మగారు అప్పటికే కూలరు స్విచ్చి కట్టేశారు.

"ఏంటి నువ్వు చేస్తున్నది?"

"పెరట్లో ఇప్పటికే నాలుగు పాత కార్లున్నాయి. ఒక్కటీ కదలదు. బట్టలారేసుకోవడానికి చోటు లేదు, ఒకదాంట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఐదోది వస్తే నేను మా పుట్టింటికెళ్తాను," అంటూ ఆవిడ స్వయంగా స్పాంజి ఊడదీసి, నీళ్లు పిండి, గోతాంలో కుక్కి నా చేతికిచ్చారు. "బాగా ఎండబెట్టి పెట్టు నాయనా. రేపు ఎక్కడా ఆగకు." కన్నతల్లి కూడా అంత మనస్ఫూర్తిగా దీవించదు.

ఆ రోజంతా డాబా మీద మామిడి తాండ్ర చాపల పక్కన స్పాంజి దిమ్మలు ఎండాయి. అత్తయ్యగారు అదేంటని అడిగితే, శిరీష నాకంటే ముందే, "రేసు కార్లకి పెట్టేదమ్మా," అంది. భార్య అంటే అలా ఉండాలి. సాయంత్రానికి పెట్టెలోని పెట్రోలు తీసేసి, స్పాంజి కూరి, జంక్షన్ దాకా వెళ్లి రావడానికి సరిపడా మళ్లీ పోశాను. పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు కలపడం ఒక్కటే మిగిలింది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఆదివారం మావయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక సీట్లో కూర్చున్నారు. పక్కన శిరీష. మా వెనక రాఘవయ్యగారి కొత్త కారు, అందులో ఆయనా, కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ అనసూయమ్మగారూ.

మొదటి మలుపు వచ్చింది. కారు తిరిగింది, పోయింది. రెండోదీ అంతే. మూడో మలుపులో శిరీష వెనకనుంచి నా భుజం మీద చెయ్యి వేసింది. హనుమాన్ జంక్షన్లో లారీల మధ్య గుండ్రంగా తిప్పి వెనక్కి మళ్లించాను. ఇంజను చిన్న దగ్గు కూడా దగ్గలేదు. చూసేవాళ్లు చూస్తున్నారు, ఫోన్లలో ఫోటోలు తీసేవాళ్లు తీస్తున్నారు. ఆ పూట హైవే మొత్తం నా పెళ్లి ఊరేగింపే అనుకోండి. గేటు కనిపించేసరికి అత్తయ్యగారు ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉన్నారు. గెలిచాం.

"ఆపకండి అల్లుడుగారూ," అన్నారు మావయ్యగారు.

"ఇల్లు వచ్చిందండీ."

"తెలుసు. పోనివ్వండి. ఇంత బాగా ఎప్పుడూ పోలేదిది."

పోనిచ్చాను. తోటలు దాటాం, కాయలెత్తుతున్న లారీలు దాటాం. మావయ్యగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అందరికీ నమస్కారాలు పెడుతున్నారు. అప్పుడు ఇంజను ఒక్కసారి దగ్గి, తిన్నటి రోడ్డు మీద ఆగిపోయింది. మావయ్యగారు కంగారుపడలేదు. అలవాటుగా ముందుకి వంగి మీట తిప్పారు. ఏమీ కాలేదు. మళ్లీ తిప్పారు.

"రెండో ట్యాంకు అందుకోవట్లేదేంటండీ?"

"రెండో ట్యాంకు లేదు మావయ్యగారూ. ఉన్నది ఒకటే పెట్టె. అందులో పెట్రోలు జంక్షన్‌కి వెళ్లి రావడానికే పోశాను."

వెనక కారు ఆగింది. రాఘవయ్యగారు దిగి, పంచె సర్దుకుంటూ వచ్చారు. "కారు ఆగినట్టుందండీ," అన్నారు ఎంతో వినయంగా.

"కారు ఆగలేదండీ," అన్నారు మావయ్యగారు, అంతకంటే వినయంగా. "గేటు దాకా వచ్చింది, ఇక్కడిదాకా కూడా వచ్చింది. ఆగిపోయింది మా అల్లుడు. మాట మాటే, కావాలంటే ఆయన్ని తీసుకెళ్లండి."

రాఘవయ్యగారు నన్ను పైనుంచి కిందదాకా పరిశీలనగా చూశారు. "వద్దులెండి," అన్నారు. "కదలనివాటిని ఇంక మా ఆవిడ గేటులోకి రానివ్వదు."

లారీ దగ్గరున్న కూలీలు నవ్వుకుంటూ కారుని ఇంటిదాకా తోశారు. మావయ్యగారు దిగలేదు. నమస్కారాలు ఆపలేదు. శిరీష నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటోంది. నేను డిక్కీ వెనక చెమటలు కక్కుతూ, నా జీవితంలో ఇంత పెద్ద విజయం మళ్లీ రాదని అనుకుంటూ తోశాను.

ఇక నా ప్రతిజ్ఞ. మా తోటలోని రసాల చెట్లన్నిటి సాక్షిగా చెబుతున్నాను: ఇకమీదట ఏ పెట్టె విప్పినా, ఏ సంచి కోసినా, లోపల చేతికి మెత్తగా తగిలినది ఏదైనా సరే, అమ్మినవాడికి ఫోన్ చేసి అడక్కుండా బయటికి తియ్యను. మొన్న ఇంటికి కొత్త పరుపు వచ్చింది. ఫోన్ చేశాను. లోపలే ఉంచమన్నాడు.