కప్పు కింద ఆరు జాకీలు

దోహాలోని ఉమ్ ఘువైలినాలో మేముండేది సముద్రపు రాయి, మట్టి కలిపి కట్టిన పాతకాలపు అరబ్బుల ఇల్లు. ఎప్పుడు కట్టారో ఎవరికీ తెలియదు. నా లెక్కలో సముద్రం కన్నా రెండు రోజులు చిన్నది. కప్పుకి సిమెంటు లేదు, ఇనుము లేదు. ఓడల్లో తెచ్చిన మడచెట్ల దుంగలు వరసగా పేర్చి, వాటిమీద చాప పరిచి, ఆపైన మట్టి మెత్తారు. దుంగ ఎంత పొడుగో గది అంతే వెడల్పు. అందుకే ఒకప్పుడు అతిథులు కూర్చున్న హాలు రైలుపెట్టెలా సన్నగా సాగిపోతుంది. దానికి ప్లైవుడ్డు అడ్డాలు పెట్టి నాలుగు గదులు చేశారు. నేను ఆవులిస్తే పక్కగదివాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

ఆ పక్కగదిలో జగిత్యాల సెంట్రింగ్ మేస్త్రి ఉంటాడు. కింద ఇనుప జాకీ ఆసరా లేని కప్పు ఆయన కంటికి లుంగీ లేని మనిషిలా కనబడుతుంది. ఒకరోజు ఆయన చాయ్‌లో చిటికెడు మట్టి రాలింది. మూడు కిలోలని నేనే ప్రచారం చేశాను.

"కప్పు దిగుతున్నది బావా!" అని సైటులో పాత జాకీలు అడిగి తెచ్చి, హాలు పొడుగునా ఆరు నిలబెట్టాడు. అందులో రెండు నా గదిలోనే. శుక్రవారం వస్తే చాలు, ఒక్కోదాన్ని ఒక చుట్టు బిగించేవాడు. బిగించినకొద్దీ మట్టి ఎక్కువ రాలేది. రాలినకొద్దీ ఇంకా బిగించేవాడు.

ఇంతలో మట్టి సంగతి చెవినబడి ఇంటి యజమాని కబురు పంపాడు. ఇంజినీరు చూసి కప్పు బాగాలేదంటే అందరం ఖాళీ చెయ్యాలట. గురువారం నా భార్య విమానం. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఇక్కడికి రావడం ఇదే మొదలు.

"ఇగో, దుబాయ్ వచ్చుడా, వద్దా? ఒక్కటే ముచ్చట చెప్పు," అంది ఫోన్లో. మా ఊళ్లో గల్ఫంతా దుబాయే.

మర్నాడు ఇంజినీరు వచ్చాడు. హైదరాబాదీ. కప్పుని కాదు, జాకీలని చూశాడు.

"ఇవి ఎవరు పెట్టిండ్రు?"

మేస్త్రి ఛాతీ విరిచాడు. "నేనే సార్. కప్పును ఆపుతున్నయి ఇవే."

"ఆపుతలేవు మియా, లేపుతున్నయ్. దుంగలు ఎప్పుడో వంగి సర్దుకున్నయ్. నువ్వు తిప్పినప్పుడల్లా పైకి లేస్తున్నయ్, మీద మట్టి పగులుతున్నది."

"అంటే ఆ మట్టి..."

"మొదటి చిటికెడు ఇంటిది. మిగతాదంతా నీదే."

మేస్త్రి ముఖం తడిసిన సిమెంటు బస్తాలా అయింది.

ఇంజినీరు నిచ్చెన ఎక్కి ఒక్కో దుంగనీ చాకు మొనతో పొడిచి చూశాడు. మొన దిగలేదు. "యల్లా, కానియ్, జాకీలు మెల్లగ వదులు," అన్నాడు. మేస్త్రి సైటు అలవాటుగా అందర్నీ బయటికి తరిమాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నా గుండె చప్పుడుకి దోహాలో సగం అద్దాలు పగిలి ఉండాలి.

ఆరో జాకీ వదిలాక, కుర్చీలో కూర్చునే పెద్దాయనలా కప్పు ఒక్కసారి మూలిగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఉండొచ్చా సార్?"

"ఉండుండ్రి. మీద మట్టి కొత్తగ మెత్తియ్యమని యజమానికి చెప్తా. ఇతన్ని మాత్రం కప్పు ముట్టనియ్యకుండ్రి."

ఆయన వెళ్లగానే మేస్త్రి గొంతు తగ్గించాడు. "బావా, నీ గదిల రెండు ఉంచనా? బిగించకుండ, ఊకె?"

"తియ్యి. అక్కడ మీ అక్క పెట్టె పెట్టాలె."

జాకీలు భుజానికెత్తుకుని బయట పెట్టొచ్చాడు. టేపు తీసి, అవి నిలబడ్డ చోటు కొలిచాడు.

"మూడడుగులు బావా! అక్క మంచిగ మసలొచ్చు."

నేను ఫోన్ అందుకుని, "వచ్చెయ్, ఆరడుగుల జాగ ఖాళీ అయింది," అని చెప్పాను.