మా ఆయనా, ఎత్తు పెంచిన జీపూ

మా ఆయన బండ్ల చక్రాలు సరిచేసే మెకానిక్. అందరి బండ్లనీ నేరుగా నడిపించేవారు గాని, తను మాత్రం వీధిలో నేరుగా నడిచిన పాపాన పోలేదు. ఆగి ఉన్న ప్రతి బండి దగ్గరా వంగి టైర్లు చూడాల్సిందే. కూరగాయలకు పంపిస్తే, ఎవరిదో కారు టైరు లోపలి అంచు అరిగిపోయిందని ఆ ఇంటి తలుపు తట్టి చెప్పి, ఖాళీ సంచి ఊపుకుంటూ వచ్చేవారు. నేను కేకలేస్తే, "ఆ మనిషి పిల్లల్ని ఎక్కించుకు తిరుగుతాడే" అనేవారు. ఇప్పుడు ఆయన లేరు. తిట్టడానికి మనిషి లేక నా నోరు తుప్పు పడుతోంది.

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. వాగు అవతల, కొండ మీద ఉన్న ఇళ్ళకు వారం వారం మందులు తీసుకెళ్ళడం, పసిపిల్లలకు సూదులు వేయడం, నెలలు నిండినవాళ్ళను కిందికి తీసుకురావడం నా పని. ఆసుపత్రి జీపు నేనే నడిపేదాన్ని. ఆ దారంటే నాకు ప్రాణం. ఒక వానాకాలం వాగు మధ్యలో ఇంజన్లోకి నీళ్ళు పోయి జీపు ఆగిపోయింది. నేను బానెట్ మీదికెక్కి కూర్చుంటే, మా ఆయన వచ్చి తాడు కట్టి లాగించారు. ఇక చూడండి, ఇంట్లో పొద్దున లేస్తే అదే పాట: "పెద్దాసుపత్రికి మారిపోవే. నీడపట్టున ఉండొచ్చు."

"చచ్చినా మారను," అనేదాన్ని నేను.

నాకు చెప్పకుండా మా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి నా బదిలీ కోసం బతిమాలి వచ్చారని తెలిసినప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది. మాట్లాడడం మానేశాను. గరిటె చప్పుళ్ళతోనే కాపురం నడిచింది.

అప్పుడు డాక్టరుగారు నన్ను పిలిచి తేల్చి చెప్పారు. "ఈ జీపుతో వానాకాలంలో వాగు దాటడం కుదరదమ్మా. వానలు మొదలయ్యేలోగా దాన్ని దారికి తగ్గట్టు చేయించండి, నేనే ఎక్కి చూస్తాను. బాగుంటే సరే. లేకపోతే కొండ దారి మూసేసి మిమ్మల్ని పెద్దాసుపత్రికి పంపిస్తాను."

కొండ మీద ఇద్దరు నిండు నెలల్లో ఉన్నారు. నేను వెళ్ళకపోతే వాళ్ళకు దిక్కెవరు? మా ఆయనతో మాట్లాడక తప్పలేదు.

"జీపు ఎత్తు పెంచాలి," అన్నాను గోడ వైపు చూస్తూ.

"గోడకు చెబుతున్నావా, నాకా?"

"వినపడినవాళ్ళకు."

ఆయన నవ్వారు. మర్నాడే జీపును షెడ్డుకు తీసుకెళ్ళారు. బండి బరువు మోసే కమాను పట్టీలు కొత్తవి బిగించి, పెద్ద టైర్లు వేసి, జానెడు ఎత్తు లేపారు. ఎంత దర్జాగా ఉందో! ఎక్కడానికి మాత్రం నాకు పీట కావలసొచ్చింది. ఆ దర్జా అంతా షెడ్డు గేటు దాటేవరకే. రోడ్డెక్కగానే అటొకసారి ఇటొకసారి దేవులాడడం మొదలుపెట్టింది. మలుపు తిప్పితే తిరుగుతుంది, తిరిగి రాదు. స్టీరింగ్ దానంతటది మధ్యకు రావాలా, అబ్బే! రెండు చేతులా లాక్కురావాలి. సందు చివర ఒకరి పూలకుండీ మీదికి పోబోయి ఆగాను.

ఆయన ముందు టైర్ల మధ్య దూరం కొలిచారు. ముందు అంచుల దగ్గర ఒకలా, వెనక అంచుల దగ్గర ఒకలా ఉంది. రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఉన్న కడ్డీ తిప్పి సరిచేస్తే దేవులాట తగ్గింది. మలుపు దగ్గర మొండితనం మాత్రం తగ్గలేదు. వానలు చూస్తే రేపో మాపో అన్నట్టున్నాయి.

"కావాలనే చేస్తున్నారు కదూ?" అనేశాను. "జీపు పాడైతే నేను పెద్దాసుపత్రిలో కూర్చుంటాను. మీ కోరిక తీరుతుంది."

ఆయన ముఖం నల్లబడింది. నా చెయ్యి పట్టుకుని గోడకు ఆనించిన తన సైకిల్ దగ్గరికి తీసుకెళ్ళారు.

"ముందు చక్రాన్ని పట్టుకున్న ఈ ఫోర్కు చూడు. నిటారుగా ఉందా?"

"లేదు. వెనక్కి వాలి ఉంది."

"అందుకే చేతులు వదిలేసినా నేరుగా పోతుంది. జీపు ముందు చక్రాలు తిరిగే చోటా అలాంటి వాలే ఉండాలి. ఎత్తు లేపేసరికి ఇరుసు కాస్త ముందుకు తిరిగి ఆ వాలు పోయింది. చక్రానికి వెనక్కి రావాలన్న బుద్ధే లేకుండా పోయింది."

"అయితే బుద్ధి చెప్పండి."

"చెబుతాను. నువ్వు మాత్రం నన్నలా అనకే," అన్నారు.

ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉండే ఇనుప బిళ్ళలు చేయించి, ఇరుసుకూ కమాను పట్టీలకూ మధ్య పెట్టి బిగించారు. ఇరుసు వెనక్కి వాలింది. తనే నడిపి చూసుకుని, "వెన్నలా పోతోందే!" అంటూ పిల్లాడిలా వచ్చారు. తీరా నేను మందుల పెట్టెలన్నీ ఎక్కించుకుని బయల్దేరితే స్టీరింగ్ పక్కకు తిరిగి కూర్చుంది, ముందు చక్రాలు తేలిపోతున్నాయి. ఉన్న ప్రాణం కాస్తా ఉసూరుమంది.

ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డారు. "నా బుద్ధి గడ్డి తిన్నది! ఖాళీ బండిని సరిచేసి కూర్చున్నాను. నువ్వెప్పుడైనా ఖాళీగా వెళ్ళావా?"

అంతే, కొండకు వెళ్ళే సామానంతా ఎక్కించమన్నారు. పెట్టెలు, నీళ్ళ డబ్బాలు, మడత స్ట్రెచరు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు. పక్క సీట్లో, కిందికి తీసుకొచ్చే నిండు గర్భిణికి బదులు ఒక మనిషి కావాలి. ఆయనకు కాఫీ తెచ్చిన మా అత్తగారు దొరికిపోయింది.

"ఈ వయసులో నన్ను కడుపుతో ఉన్నదాన్ని చేశావట్రా!" అంది ఆవిడ, పీట మీంచి నన్ను పట్టుకుని ఎక్కుతూ.

"కదలకమ్మా, కొలత పోతుంది."

"కోడలి చేతికి నా ప్రాణం అప్పజెప్పి కదలకంటావేంట్రా? పోనీ ఎవరితోనూ చెప్పకండర్రా, నవ్విపోతారు."

కాళ్ళు తిమ్మిరెక్కేదాకా మేమిద్దరం అలా కూర్చున్నాం. ఆవిడ పాత కబుర్లు చెబుతుంటే నేను కోపంగా ఉండాలన్న సంగతే మర్చిపోయాను. కింద ఆయన ఒక బిళ్ళ తీసి ఇంకొకటి పెట్టి, కడ్డీ బిగించి, మళ్ళీ కొలిచి, "స్టీరింగ్ వదులు, ఇప్పుడు పట్టుకో" అంటూనే ఉన్నారు. ఆ మధ్యాహ్నం అంత సుఖంగా నేనెన్నడూ లేను. ముగ్గురం ఒక్క బండి కోసం కూర్చున్నాం కదా!

మర్నాడు డాక్టరుగారు వచ్చి ఎక్కారు. వాగు దాకా తీసుకెళ్ళాను. పెద్ద మలుపు దగ్గర తిప్పి వేళ్ళు సడలించాను. స్టీరింగ్ మెత్తగా, తనంతట తానే మధ్యకొచ్చి నిలిచింది. గట్టిగా అరవాలనిపించింది గాని పక్కన డాక్టరుగారు ఉన్నారాయె.

షెడ్డుకు తిరిగొచ్చాక నేను వెనక పెట్టెల తాళ్ళు బిగిస్తున్నాను. డాక్టరుగారు మా ఆయన్ని పక్కకు పిలిచారు. మెల్లగా అనుకున్నారు గాని నాకు వినిపిస్తూనే ఉంది.

"నాకు బండ్ల సంగతి అంతగా తెలీదు. మీరు ఒక్క మాట, అనుమానంగా ఉందనండి చాలు. రేపే ఆవిణ్ణి పెద్దాసుపత్రికి పంపించేస్తాను. మీరు అడిగిందే కదా?"

నా చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు.

"అప్పుడడిగింది మొగుడు సార్. ఇప్పుడు మీరడుగుతున్నది మెకానిక్‌ని," అన్నారు. "బండి బాగుంది. వెళ్ళనివ్వండి."

ఆ వారమే వానలో వాగు దాటాను. నెలలు నిండిన ఇద్దర్నీ భద్రంగా కిందికి తెచ్చాను. ఇంటికొచ్చేసరికి ఆయన గేటు దగ్గర గొడుగు లేకుండా తడుస్తూ నిలబడి ఉన్నారు.

"బండి ఎలా నడిచింది?"

"నేరుగా."

"హమ్మయ్య," అని గేటు పట్టుకున్నారు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని అత్తగారు లోపల్నుంచి కేకేసింది.

"అంత భయమున్నవారు డాక్టరుగారితో ఆ ఒక్క మాట ఎందుకనలేదండీ?"

"అని ఉంటే నువ్వు ఇంట్లోనే ఉండేదానివి," అన్నారు. "కానీ నీ మనసు అక్కడే ఉండేది కదే. భయమంటావా, అది నేను పడతానులే."

నేను రిటైరయ్యేదాకా ప్రతి వానాకాలం ముందూ ఆయనే జీపును షెడ్డుకు తీసుకెళ్ళి, నన్ను కూర్చోబెట్టి, సామానెక్కించి చక్రాలు సరిచేశారు. పెద్దాసుపత్రికి మారిపో అని మళ్ళీ ఒక్కనాడూ అనలేదు. అన్నేళ్ళూ ఆ మనిషి భయపడుతూనే ఉన్నారు, నన్ను వెళ్ళనిస్తూనే ఉన్నారు.